కాకి ముట్టే వేళ

మామూలు రోజుల్లో కాకికి మన దగ్గర ఏ మర్యాదా లేదు. పిల్లలు అల్లరి చేస్తే కాకిగోల, నగ నకిలీదైతే కాకిబంగారం, ఎవరైనా అంకెలు తారుమారు చేస్తే కాకిలెక్కలు. కాకిలా కలకాలం బతికేకంటే హంసలా ఆరు నెలలు బతికినా చాలంటాం. గోడ మీద అరిస్తే చుట్టాలొస్తారని మాత్రం సంతోషిస్తాం, అదీ వచ్చే చుట్టాన్ని బట్టి.

ఇంట్లో ఒకరు పోయాక లెక్క మారిపోతుంది. పోయినవాళ్ళ పేరున కాకికి అన్నం పెట్టడాన్ని తెలంగాణ పల్లెల్లో ‘పిట్టకు పెట్టుడు’ అంటారు. విస్తట్లో నువ్వులు కలిపిన అన్నం ముద్ద, పక్కన పోయినాయనకు ఇష్టమైన రెండు గారెలు, గ్లాసులో టీ, అలవాటుంటే ఓ చుట్ట. అందరూ వెనక్కి జరిగి చెట్ల వైపు చూస్తుంటారు. కాకి వచ్చి కొమ్మ మీద వాలుతుంది, మెడ వంచి చూస్తుంది, దిగదు. టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

దీని వెనక రామాయణం ఉత్తరకాండలో ఓ కథ ఉంది. మరుత్త మహారాజు యాగం చేస్తుంటే రావణుడు వచ్చిపడ్డాడు. దేవతలు హడలిపోయి తలో రూపంలో దాక్కున్నారు. ఇంద్రుడు నెమలయ్యాడు, వరుణుడు హంసయ్యాడు, కుబేరుడు ఊసరవెల్లి అయ్యాడు. యముడు కాకిలో తలదాచుకున్నాడు. అందరినీ భయపెట్టే యముడికే భయం వేస్తే కాకి దిక్కయిందన్నమాట! గండం గడిచాక తమకు ఆశ్రయమిచ్చిన ప్రాణులకు దేవతలు వరాలిచ్చారు. నెమలికి పింఛంలో కళ్ళు, హంసకు తెలుపు వచ్చాయి. కాకికి యముడిచ్చిన వరం వేరు: ‘త్వయి భుక్తే తు తృప్తాస్తే భవిష్యంతి సబాంధవాః’. నా లోకంలో ఆకలితో ఉన్నవాళ్ళు నువ్వు తింటే బంధువులతో సహా తృప్తి పడతారు అని. మిగతా ప్రాణులకు అందం దక్కింది, కాకికి బాధ్యత దక్కింది. ఆ ‘బంధువులతో సహా’ అన్న మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ముద్ద తినేది ఒక పక్షే, అయినా దాంతో ఎవరూ ఒంటరిగా తృప్తి పడరు.

మళ్ళీ ఆ విస్తరి దగ్గరికి వద్దాం. కాకి దిగకపోతే పెద్దవాళ్ళలో ఎవరో అంటారు, “ఆయన మనసులో ఏదో ఉందిరా, అడగండి” అని. అప్పుడు పెద్దకొడుకు చేతులు జోడిస్తాడు. “చెల్లి పెళ్ళి నేను చేస్తా నాన్నా, ముట్టు.” కోడలు గొంతు కలుపుతుంది: “అత్తమ్మను మా దగ్గరే ఉంచుకుంటం మామయ్యా.” ఏళ్ళ తరబడి మాటల్లేని తమ్ముడు ముందుకొచ్చి అన్న పక్కన నిలబడతాడు. బతికుండగా చెప్పాల్సిన మాటలే ఇవన్నీ.

కాకి ఆకలికి దిగిందా, మాట విని దిగిందా అని వాదించేవాళ్ళు ఉంటారు. నాకు ఆ వాదన మీద ఆసక్తి లేదు. ఎంతకీ ముట్టకపోతే ముద్దను ఆవుకు పెట్టేవాళ్ళున్నారు, నీళ్ళలో కలిపేవాళ్ళున్నారు. కర్మ ఆగదు. కానీ నోట వచ్చిన మాటను చుట్టూ నిలబడ్డ పాతికమంది విన్నారు. ఏడాది తిరక్కుండానే చెల్లి పెళ్ళి ఖర్చు దగ్గర అన్న వెనకాడితే, “కాకి ముందు ఏమన్నవు?” అని నిలదీయడానికి మేనత్త ఒక్కతి చాలు.