షెఫీల్డ్‌లో చదివి ప్యాచ్‌లు అంటించే ఉద్యోగం

ఊరెళ్ళినప్పుడు ఎవరైనా "ఏం చేస్తున్నావమ్మా అక్కడ" అంటే కళ్ళ ఆసుపత్రిలో పని అని చెప్పి ఊరుకుంటాను. విడమరిచి చెప్పబోతే, డాక్టరా, కాదు, కళ్ళజోళ్ళ షాపా, కాదు, మరి నర్సా, అదీ కాదు, ఇలా టీ చల్లారేదాకా నడుస్తుంది. రెండు కళ్ళూ కలిసి పనిచేస్తున్నాయా లేదా చూడటం ఆర్థాప్టిస్ట్ పని. మెల్లకన్ను, చిన్నపిల్లల్లో ఒక కంటికి చూపు సరిగ్గా రాకపోవడం, పెద్దవాళ్ళకి ఉన్నట్టుండి ఒకటి రెండుగా కనిపించడం, ఎక్కువగా ఇవే మా దగ్గరికొస్తాయి.

హైదరాబాద్‌లో ఆప్టోమెట్రీ, అంటే చూపు పరీక్షించి అద్దాలు రాసే చదువు, చేసి కొన్నాళ్ళు పనిచేశాక ఇటు ఇంగ్లండ్ వచ్చి షెఫీల్డ్‌లో మళ్ళీ మూడేళ్ళ డిగ్రీ చదివాను. ఇక్కడ ఇలాంటి వైద్య వృత్తులవాళ్ళని నమోదు చేసే హెచ్‌సీపీసీ అనే సంస్థ రిజిస్టర్‌లో పేరు లేకుండా ఆర్థాప్టిస్ట్‌నని చెప్పుకోవడం చట్టప్రకారం నేరం. ఇంటర్నేషనల్ ఫీజు, నాన్న బ్యాంకులో పెట్టిన పొలం కాగితాలు, ఆ లెక్కలు ఇప్పుడెందుకులెండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించింది కన్సల్టెంట్‌ని పేరు పెట్టి పిలవడం. నేను పనిచేసిన చోట పెద్ద డాక్టర్ గదిలోకొస్తే మేమంతా లేచి గోడకి ఆనుకునేవాళ్ళం. ఇక్కడాయనే నా గుమ్మం దగ్గర నిలబడి "ఎంతొచ్చింది, నువ్వేమనుకుంటున్నావ్" అని అడుగుతాడు. మెల్లకన్ను ఆపరేషన్‌లో ఏ కండరాన్ని ఎన్ని మిల్లీమీటర్లు జరపాలో ఆయన లెక్కేసుకునేది నేను ప్రిజం బార్‌తో, అంటే పట్టకాలు వరసగా పేర్చిన పట్టీతో, మెల్ల ఎంతుందో కొలిచిన అంకె మీదే. అంకె చెప్పడం ఎప్పుడూ ఇబ్బంది కాలేదు, "నాకిలా అనిపిస్తోంది" అనడానికే చాలాకాలం నోరు రాలేదు. సర్ అనే మాట మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడూ జారిపోతుంది, ఆయన నవ్వి ఊరుకుంటాడు.

అసలు కొలవడం ఈ పనిలో తేలికైన భాగం. చెప్పింది చేయించడంలోనే ఉంది తంటా అంతా.

బ్రిటన్‌లో నాలుగైదేళ్ళ పిల్లలకి బళ్ళో చూపు పరీక్ష ఉంటుంది, అందులో తేడా కనిపించినవాళ్ళని మా దగ్గరికి పంపిస్తారు. అలా ఓసారి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. అబ్బాయికి కన్ను ఎటూ తిరగలేదు, చూడటానికి రెండు కళ్ళూ చక్కగా ఉన్నాయి. చుక్కలు వేసి పవర్ చూస్తే కుడి కంటికి ప్లస్ ఒకటి, ఎడమ కంటికి ప్లస్ నాలుగున్నర. మెదడు బాగున్న కన్నునే వాడుకుంటూ రెండోదాన్ని పక్కన పెట్టేసింది. తండ్రి ఐటీ, వచ్చేముందే అంతా గూగుల్ చేసుకొచ్చాడు, "మేడమ్, ఫోన్‌లో చీమంత అక్షరం కూడా చదువుతాడండీ వీడు" అంటాడు. వీడియో కాల్‌లో గుంటూరు నుంచి అమ్మమ్మ గారు. "పసిపిల్లాడికి అద్దాలేంటమ్మా, పొన్నగంటి కూర పెట్టమనండి, క్యారెట్ పెట్టమనండి." పొన్నగంటి కూర మంచిదే అమ్మా, మా ఇంట్లోనూ వండుతాం, కానీ రెండు కళ్ళ పవర్‌లో ఉన్న తేడాని అది తీర్చలేదని చెప్పాను. ఆవిడ వినలేదు.

ఇలాంటప్పుడు చార్టులు చూపించి లాభం లేదు. పిల్లాణ్ణి తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, ముందు ఎడమ కన్ను మూసి బొమ్మలు చూపించాను, ఇల్లు, కారు, బాతు, గడగడా చెప్పేశాడు. తర్వాత మంచి కన్ను, అంటే కుడి కన్ను మూశాను. అంతే, మెడ ఒకవైపు వంచాడు, నా చెయ్యి తోసేశాడు, సందులోంచి తొంగి చూడబోయాడు, ఇంక కుదరక "అమ్మా ఇంటికెళ్దాం" అని మొదలెట్టాడు. తల్లి మొహంలో రంగు మారింది. ఫోన్ పక్కన పెట్టేసి "ఇప్పుడేం చెయ్యాలండీ" అంది. ఆ ఒక్క నిమిషం నా అరగంట ఉపన్యాసం కన్నా నయం.

ముందు నాలుగు నెలల పాటు అద్దాలు. పదహారేళ్ళ లోపు పిల్లలకి అద్దాలకి ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వోచర్ ఇస్తుంది, ఖర్చు పెద్ద సమస్య కాదు. కొంత చూపు వాటితోనే వస్తుంది, మిగిలినదానికి మంచి కన్ను కనపడకుండా దాని మీద అంటించే ప్యాచ్. రోజంతా అక్కర్లేదు. ఒక కంటికి ఒక మోస్తరు చూపు మందగింపు ఉన్న ఏడేళ్ళలోపు పిల్లల్లో రెండు గంటల ప్యాచ్ ఆరు గంటల ప్యాచ్‌తో సమానంగా పనిచేస్తుందని 2003లో అమెరికా నుంచి పరిశోధన వచ్చింది, మా పని చాలా మారింది దాంతో. కానీ ఆ రెండు గంటలే ఇంట్లో కురుక్షేత్రం. అద్దాలకి అలవాటుపడ్డాక మూడోసారి వచ్చినప్పుడు తల్లి కళ్ళనీళ్ళతో చెప్పింది, వాడు ప్యాచ్ పీకి సోఫా కింద దాస్తున్నాడని. మంచి కంట్లో అట్రోపిన్ చుక్కలు వేసి చూపు మసకబరిచే దారి కూడా ఉంది, పీకడానికి ఏమీ ఉండదు. దాంతో చేశాం. ఆ ఎడమ కన్ను ఇప్పుడు చార్టులో కిందున్న చిన్న వరసల దాకా చూడగలుగుతోంది.

మెల్లకన్ను అదృష్టమని మనవైపు ఇంకా అంటూనే ఉన్నారు, దానికి మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. అయిదేళ్ళకి పట్టుకుంటే బాగయ్యేది పదిహేనేళ్ళకి తీసుకొస్తే చాలామందిలో చేయగలిగింది కొంచెమే. ఆంధ్రాలో 2019లో కంటి వెలుగు బడిపిల్లలతో మొదలుపెట్టారని చదివినప్పుడు సంతోషమేసింది. బడిలో చేరే వయసులోనే ఏటా జరిగితే ఇంకా బావుంటుంది.

పెద్దవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ప్యాచ్ గొడవలుండవు గానీ కారు గొడవ ఉంటుంది. సుగర్, బీపీ ఉన్నవాళ్ళకి ఒక్కోసారి కన్ను బయటికి తిప్పే నరం దెబ్బతిని ఒకటి రెండుగా కనిపిస్తుంది. చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. ఈలోపు గీతలున్న పల్చటి ప్లాస్టిక్ ప్రిజం ముక్క కత్తిరించి కళ్ళజోడు అద్దానికి అంటిస్తాను, రెండు బొమ్మలూ ఒకటైపోగానే మనిషి హమ్మయ్య అని కుర్చీలో వెనక్కి వాలతాడు. అప్పుడే అడగాలి, "మీరు డ్రైవ్ చేస్తారా?" అని. రెండుగా కనిపిస్తున్నంతకాలం బండి ఆపేసి లైసెన్సులిచ్చే డీవీఎల్‌ఏకి చెప్పాలి. సొంత కారైతే ప్రిజంతోనో ప్యాచ్‌తోనో సర్దుకున్నాక మళ్ళీ నడపొచ్చు, లారీ నడిపేవాళ్ళకి ప్యాచ్ పెట్టుకుని నడపడం కుదరదు. గదిలోకి వస్తూ నన్ను ఇంగ్లండ్ నడిమి ప్రాంతమైన మిడ్‌ల్యాండ్స్ పద్ధతిలో ముద్దుగా "మీ డక్" (నా బాతూ) అని పలకరించిన ఒక లారీ డ్రైవర్ ఇది విని చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఇంటి వాయిదాలు నువ్వు కడతావా" అన్నాడు. ఏం చెప్తాం. ఉత్తరం రాశాను, ఆయన జీపీకి, అంటే ఫ్యామిలీ డాక్టర్‌కి, ఆయన యజమానికి చూపించుకోవడానికీ. అలాంటి రోజున ఇంటికొచ్చి వంట చెయ్యాలనిపించదు.

ఆప్టోమెట్రీ చదివే పిల్లలు మెసేజ్ పెడుతుంటారు, "అక్కా, మేమూ రావొచ్చా" అని. రావొచ్చు. మన డిగ్రీకి నేరుగా రిజిస్ట్రేషన్ ఇస్తారని ఏ ఏజెంట్ చెప్పినా నమ్మకండి, హెచ్‌సీపీసీ వాళ్ళు మీ సిలబస్ విడివిడిగా చూసి చెప్తారు. డబ్బు కట్టేముందు అది తేల్చుకోండి. లండన్‌లోనే కావాలని కూర్చుంటే కష్టం, ఇది చిన్న వృత్తి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి వెళ్ళాలి. చలికాలంలో చీకట్లో వెళ్ళి చీకట్లో ఇంటికి రావడం, మధ్యలో కిటికీల్లేని గది, దానికీ సిద్ధపడండి. ఇంకో సలహా, ఇక్కడి పిల్లల కార్టూన్లు కొన్ని చూసి రండి. అందులో ఏ కుక్కపిల్ల పేరేంటో తెలియకపోతే నాలుగేళ్ళ పేషెంట్ మీ బొమ్మల కార్డు వైపు కన్నెత్తి కూడా చూడడు.