మగ తేనెపిట్ట గొంతు మళ్లీ నల్లగానే వచ్చింది

ఈ ఆదివారం కూడా అంతే. 212 ఫొటోలు తీస్తే గొంతు మెరిసినవి 3. మిగతా అన్నింట్లో మందారం మీద బొగ్గుముక్క పెట్టినట్టుంది. కంటికేమో నీలం, ఊదా, పచ్చ కలిసి నిగనిగలాడుతోంది! ఎదురుగా కనిపించే రంగు ఫొటోలోకి రాకపోతే ఎంత ఉక్రోషంగా ఉంటుందో.

ఊదా తేనెపిట్ట, మగది, మార్చి కదా, జతకట్టే కాలపు రంగులో ఉంది. నాకూ కుండీకీ మధ్య మూడున్నర మీటర్లు. కెమెరా సెట్టింగులు: లెన్స్ 250 ఎంఎం, షట్టర్ 1/1600 సెకను, ఎఫ్/5.6, ఐఎస్ఓ 640. వెలుగు చాలలేదేమోనని ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో వెలుతురు, +0.7కి, తర్వాత +1.3కి పెంచాను. మందార రేకులు గీతల్లేని ఎర్రటి ముద్దయ్యాయి, గొంతు మారలేదు. కంప్యూటర్లో ఫొటోలోని చీకటి భాగాల్ని వెలుతురు చేసి చూస్తే నీలం రాలేదు, బూడిద రంగు మచ్చలొచ్చాయి. అంటే అక్కడ నీలం పడనే లేదు. ఈ పిట్ట నీలం రంగుపదార్థం వల్ల వచ్చేది కాదు మరి. ఈకల నూగులో మెలనిన్ అనే నల్లటి పదార్థపు రేణువులు పొరలు పొరలుగా ఉంటాయి. వాటి మీద పడిన వెలుగు తిరిగొచ్చే దారిలో కన్ను ఉంటేనే మెరుపు. కోణం తప్పితే మిగిలేది మెలనిన్ నలుపే.

మా బాల్కనీది తూర్పు ముఖం, పొద్దున ఎండ పిట్ట వెనక నుంచి నా మొహం మీదికొస్తుంది. అందుకే ఈసారి కుండీని డాబా మీదికి మార్చాను. సూర్యుడు నా వీపు వైపు ఉండేలా దుప్పటి అడ్డంగా కట్టి దాని వెనక కూర్చున్నాను. అయినా మూడే! రెండు అనుమానాలున్నాయి. 7:15కి ఎండ ఏటవాలుగా వచ్చి గొంతుకే తగులుతుంది, కానీ పిట్ట ఎక్కువగా వచ్చింది తొమ్మిది తర్వాత. అప్పటికి నెత్తి మెరుస్తుంది, గొంతు నీడలో పడుతుంది. రెండోది, అది మందారం ముందు నుంచి తాగట్లేదు. తొడిమ దగ్గర ముక్కుతో చిల్లు పొడిచి తేనె లాగేస్తోంది, పుప్పొడి అంటకుండా. ఆ పనిలో తల వంచి గొంతుని పువ్వుకి ఆనిస్తుంది. ఆ 3 ఫొటోలూ తల పైకెత్తిన క్షణంలోవే.

పాడటానికి వాలుతుందని కుండీకి 60 సెంటీమీటర్ల దూరంలో ఎండుకొమ్మ పాతాను. రెండుసార్లు వాలింది, రెండుసార్లూ వీపు నా వైపే.

ఆడపిట్ట ఫొటోలు చక్కగా వచ్చాయి. దాని పసుపుకి కోణంతో పని లేదు.

లెన్స్ మార్చమంటున్నారు కొందరు కానీ, ఈ దూరానికి నా కెనాన్ 55-250 జూమ్ లెన్స్ చాలు. ఫ్లాష్ వాడను. పిట్టల్ని రప్పించడానికి చక్కెర నీళ్ల సీసా కట్టడమూ నాకిష్టం లేదు. మొక్కలుంటే తేనెతో పాటు పురుగులూ సాలీళ్లూ దొరుకుతాయి, పిల్లలకి ముఖ్యంగా పెట్టేవి అవే.

వచ్చే ఆదివారం 6:45 కల్లా డాబా మీదుంటాను. పూల తొడిమలు నా వైపు కాకుండా అవతలికి ఉండేలా కుండీ తిప్పుతాను, అప్పుడు పిట్ట పువ్వు వెనక నుంచి నా వైపు, ఎండ వైపు తిరిగి వాలాలి. ఈలోగా ఇంకో ఆశ. మెట్ల మూలన ఆడపిట్ట సాలెగూడు పీకి పట్టుకెళ్తోంది, తన గూడు కట్టుకోడానికే కాబోలు. ఉగాదికి బూజు దులుపుతానంది అమ్మ. ఆ ఒక్క మూల వదిలెయ్యమ్మా అన్నాను, సరేనంది. గూడు కనబడినా దగ్గరికెళ్లను, పక్క డాబా నుంచి బైనాక్యులర్‌తో చూసి రోజూ రాస్తాను.