75 దగ్గర ఆగిన మాత్ర

నాకు ముందుగా దెబ్బతిన్నది గొంతు. ఖమ్మం దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. రోజంతా గట్టిగా మాట్లాడే పని కాబట్టి, గొంతు బొంగురుపోతే అరిచి అరిచే అలా అయిందన్నారు అందరూ. అమ్మ మిరియాల పాలు కాచి ఇచ్చింది. దసరా సెలవుల్లో మాటలు తగ్గించినా గొంతు తేరుకోలేదు. పైగా దువ్వెన నిండా జుట్టు, పొద్దున లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు, ఎంత పడుకున్నా తీరని నీరసం. స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఫ్యాన్ వేయమంటుంటే నేను కొంగు కప్పుకుని కూర్చునేదాన్ని. ఆ చలి సంగతి వినగానే మా డాక్టరమ్మ థైరాయిడ్ టెస్ట్ రాశారు. థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ 18 వచ్చింది. ల్యాబును బట్టి కాస్త తేడా ఉన్నా, మామూలుగా 0.4 నుంచి 4 లోపు ఉండాలి.

అంకె పెద్దదైతే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందనుకుంటారు చాలామంది. నిజానికి టీఎస్‌హెచ్ మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో తయారవుతుంది. మాట వినని క్లాసులో టీచర్ గొంతు పెంచినట్టు, థైరాయిడ్ మందగించేకొద్దీ పిట్యూటరీ దాన్ని ఎక్కువగా వదులుతుంది.

థైరాయిడ్ హార్మోన్ లోటు తీర్చే మాత్ర లెవోథైరాక్సిన్‌ను 50 మైక్రోగ్రాములతో మొదలుపెట్టారు. రెండు వారాలైనా తేడా తెలియక డోసు పెంచమని అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుందట. రోజూ వేసుకుంటుంటే ఒంట్లో నిలకడకు రావడానికి ఐదారు వారాలు కావాలి, ఆ తర్వాత చేసిన టెస్టుకే విలువ. తొందరపడి ఎక్కువిస్తే గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమి. ఆరు వారాలకు 6.8 వచ్చింది, 75కి పెంచారు. తర్వాతి టెస్టులో 2.4. చలి, మలబద్ధకం ముందుగా తగ్గాయి. గొంతు ఆ తర్వాత కుదుటపడింది. జుట్టుకు మాత్రం నెలలు పట్టింది.

ఏడాది బాగానే గడిచాక ఒకసారి 7.1 వచ్చింది. మాత్ర ఒక్కరోజూ మానలేదు. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, గంట దాకా కాఫీ కూడా ముట్టను. ఈసారి 100 రాస్తారనుకుంటుంటే డాక్టరమ్మ, "కొత్తగా ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగారు. మోకాళ్ళ నొప్పికి ఇంకొక డాక్టరు క్యాల్షియం ఇచ్చారు, అది టిఫిన్ అవగానే వేసుకుంటున్నాను. రాసిచ్చేటప్పుడు థైరాయిడ్ ఉందా అని ఆయన అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగాల్సిందని నాకు ఇప్పటికీ బాధే. క్యాల్షియం, ఐరన్, కొన్ని గ్యాస్ మందులు థైరాయిడ్ మాత్రను ఒంటికి సరిగా పట్టనివ్వవు. నాలుగు గంటల ఎడం ఉండాలి. క్యాల్షియం రాత్రి భోజనం తర్వాతకు మార్చాం. డోసు ముట్టుకోకుండానే మళ్ళీ 2.9కి దిగింది.

అందుకే డోసు పెంచమని రాస్తే, ముందు మీ మందుల సంచీ మొత్తం డాక్టరు బల్ల మీద పెట్టండి. బయోటిన్ అనే విటమిన్ ఉన్న జుట్టు మాత్రల గురించీ చెప్పండి, అవి రిపోర్టునే తారుమారు చేయగలవు.

మా చెల్లెలికీ థైరాయిడ్ ఉంది, ఇప్పుడు పిల్లల కోసం చూస్తున్నారు. గర్భం వస్తే మందు అవసరం సాధారణంగా పెరుగుతుంది, మొదటి నెలల్లో బిడ్డ తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకు ఫోన్ చేయమని, మాత్ర మాత్రం ఆపొద్దని చెప్పాను.