వార్డులో మీడియం వేవ్: సెలైన్ పెట్టె లూపుతో నెల్లూరు లాగ్

ఎముకకు చీము పట్టినవాళ్లకి ఆరేసి వారాలు నరానికి మందు ఎక్కించడం మామూలే. అట్లాంటి మంచం మీద ఫోను మొదట్లోనే కాలక్షేపం. తర్వాత మెడ పట్టేస్తుంది, కళ్లు మండుతాయి, డేటా అయిపోతుంది. రేడియోని కళ్లు మూసుకుని వినొచ్చు. కాకపోతే మీడియం వేవ్‌కి (ఎఫ్ఎం కాదు, ఏఎం రేడియో బ్యాండు) ఆసుపత్రి వార్డంత చెడ్డ చోటు ఇంకోటి దొరకదు. నెల్లూరులో ఒక ఎముకల వార్డు, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం: అక్కడ మీడియం వేవ్ స్టేషన్లు పట్టే పని ఎక్కడిదాకా వచ్చిందో రాసుకున్న లెక్క ఈ లాగ్. ఒంగోలు, మార్కాపురం వైపు వాళ్లు దిక్కులు మార్చుకుంటే మిగతాదంతా అట్లాగే పనికొస్తుంది.

మొదటి వారం: రొద వేట

ముందు డ్యూటీ సిస్టర్‌ని అడగాలి. ఐసీయూలోకి రేడియో తీసుకుపోవద్దు. మామూలు వార్డులో ఇయర్‌ఫోను ఉంటే ఎవరూ కాదనరు. ఒక చెవికే పెట్టుకోవాలి, రెండో చెవి డాక్టరుగారి కోసం. సెలైన్ గొట్టం ఉన్న చెయ్యి వైపు ఇయర్‌ఫోను వైరు రాకూడదు. రెండూ మెలిపడితే నిద్రలో సూది ఊడుతుంది. రేడియోని పారదర్శకమైన జిప్ కవర్లో పెడితే రోజూ పైపైన స్పిరిట్ దూదితో తుడిచేయొచ్చు. బటన్లలోకి స్పిరిట్ దిగదు, ప్లాస్టిక్ కవరు సిగ్నల్‌ని ఆపదు.

తర్వాత రొద. స్టేషన్ లేని చోట ట్యూన్ చేసి, రేడియో చేత్తో పట్టుకుని ఒక్కో వస్తువు దగ్గరికీ తిప్పాలి. ఈ పని అటెండెంటు చేయాల్సిందే. ఎల్ఈడీ ట్యూబులైటుది ఎడతెగని జుయ్యిమనే మోత, లైటు ఆర్పితే పోతుంది. గాలి పరుపు పంపుది తగ్గుతూ పెరుగుతూ ఉండే హమ్. ఇన్ఫ్యూజన్ పంపు (మందుని కొద్దికొద్దిగా ఎక్కించే యంత్రం) మోటారు కదిలినప్పుడల్లా టిక్కుమంటుంది. వీటన్నిటికీ బాబులాంటిది చవక ఫోను చార్జరు. డయల్ మీద నాలుగైదు చోట్ల ఈల వేస్తుంది, స్టేషన్ సరిగ్గా అక్కడే ఉంటే ఇక వినపడదు. పక్క మంచం వాళ్ల చార్జరైనా అంతే. రౌండ్స్ టైములో ఎట్లాగూ రేడియో కట్టెయ్యాలి గనక అందరి ఫోన్లూ అప్పుడే చార్జింగ్‌కి పెట్టించడం మేలు. పక్క మంచాలవాళ్లతో మాట కలవడానికి ఇది మంచి వంక కూడా.

ఇనప మంచం, స్టీలు లాకరు సిగ్నల్‌ని మింగేస్తాయి. చెక్క స్టూలు మీద, మంచానికి మూడు జానల దూరంలో పెట్టినప్పటికీ పెట్టకముందుకీ తేడా మామూలుగా లేదు. కిటికీ గ్రిల్లు కూడా ఇనుమే కనుక దానికీ ఒక అడుగు ఎడం ఇవ్వాలి.

రెండో వారం: 837 ఎందుకు పలకలేదు

మధ్యాహ్నం ఆకాశవాణి చెన్నై 720 కిలోహెర్ట్జ్ బాగా వచ్చింది. కడప 900 పలచగా వచ్చింది. విజయవాడ 837 మాత్రం గరగర. అనుమానం ట్రాన్స్‌మిటర్ మీదికి పోతుంది కానీ తప్పు రేడియో సెట్టింగులో ఉంది. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. అమెరికా పద్ధతి 10. డిజిటల్ రేడియో 10 మీద ఉంటే 720, 900 రెండూ దొరికిపోతాయి, ఎందుకంటే అవి రెండు లెక్కల్లోనూ ఉన్నాయి. 837కి మాత్రం 830, 840 మధ్య నిలబడే చోటు లేదు. రెండు స్టేషన్లు పలుకుతుంటే సెట్టింగు తప్పని ఎవరికి తోస్తుంది? మాన్యువల్‌లో చూసి 9కి మార్చుకోవాలి. చాలా సెట్లలో రేడియో ఆపి ఉన్నప్పుడు ఒక బటన్ నొక్కి పట్టుకుంటే మారుతుంది.

మూడో వారం: లూపు

బయటి నుంచి వైరు లాగడం వార్డులో కుదరదు. కరెంటు అక్కర్లేని, రేడియోకి తీగ కూడా కలపక్కర్లేని లూపు, అంటే సిగ్నల్‌ని పట్టి పక్కనున్న రేడియోకి అందించే తీగ చుట్ట, ఒక్కటే దారి. సెలైన్ సీసాలు వచ్చే అట్టపెట్టెలు వార్డులో కొదవ లేదు. 30 సెంటీమీటర్ల చదరం వచ్చేలా ఒకటి కోసుకోవాలి. పైన 26 గేజి వైండింగ్ వైరు 18 చుట్లు, చుట్టుకీ చుట్టుకీ 3 మిల్లీమీటర్ల ఎడం. వైరు సుమారు 22 మీటర్లు పడుతుంది. తూకానికి అమ్ముతారు కాబట్టి 50 గ్రాములు అడిగితే చాలు, మిగులుతుంది కూడా. రొయ్యల గుంటల ఏరేటర్ల పుణ్యమా అని మన జిల్లాలో మోటారు వైండింగ్ షాపు లేని ఊరు అరుదు.

రెండు కొసల్నీ పాత పాకెట్ రేడియోలోంచి తీసిన గ్యాంగ్ కండెన్సర్‌కి (తిప్పితే స్టేషన్ మారే భాగం) కలపాలి. టంకం ఇంటి దగ్గరే వేసుకురావాలి. ఎక్కువమంది లూపు పలకనిది ఇక్కడే: వైండింగ్ వైరు మీద ఎనామెల్ పూత ఉంటుంది, అది గీకకుండా టంకం వేస్తే పైకి అతుకు బాగానే కనపడుతుంది, కరెంటు మాత్రం పోదు. కొసలు రాగి రంగు మెరిసేదాకా బ్లేడుతో గీకాలి.

గ్యాంగ్ మొత్తం మూసినా 720 దాకా దిగకపోతే కెపాసిటీ చాలడం లేదన్నమాట. గ్యాంగ్‌లో రెండో సెక్షన్‌ని కూడా కలపాలి. అదీ చాలకపోతే రెండు చుట్లు పెంచాలి. దిగువన బాగా పలికి 900 దగ్గర చేతులెత్తేస్తే చుట్లు తగ్గించాలి.

వాడే తీరు: ముందు రేడియోలో స్టేషన్ పెట్టి, దాని లోపల యాంటెనాగా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ లూపు తలానికి లంబంగా ఉండేలా దగ్గర పెట్టి, గ్యాంగ్ మెల్లగా తిప్పాలి. ఒక్కచోట శబ్దం ఎగసిపడుతుంది. మరీ ఆనించి పెడితే గొంతు బొంగురుపోతుంది, అరడుగు దూరం జరిపి చూడాలి.

దిక్కులు

నెల్లూరుకి ఇక్కడో వెసులుబాటు ఉంది. చెన్నై దాదాపు దక్షిణాన, విజయవాడ ఉత్తరాన కాస్త తూర్పుకి, కడప సూటిగా పడమర. లూపు అంచు ఉత్తర దక్షిణాలుగా పెడితే చెన్నై, విజయవాడ రెండూ ఒకే పొజిషన్లో వస్తాయి, గ్యాంగ్ మాత్రం మార్చుకుంటే సరి. పావు వంతు తిప్పితే కడప. ఫోను దిక్సూచిని మంచం పక్కన నమ్మొద్దు, ఇనుము దాన్ని తప్పుదోవ పట్టిస్తుంది. లూపు తీసేసి, పట్టపగలు రేడియోని చెన్నై మీద పెట్టి తిప్పితే ఒక చోట శబ్దం పడిపోతుంది. ఆ క్షణాన లోపలి కడ్డీ కొస చెన్నై వైపు చూస్తున్నట్టు. గట్టిగా వినపడే చోటు వెడల్పుగా ఉంటుంది, పడిపోయే చోటు సన్నగా ఉంటుంది, అందుకే పడిపోయేదాన్నే గుర్తు పెట్టుకోవాలి.

దూరం చూస్తే చెన్నై కన్నా కడపే దగ్గర. అయినా పలచగా రావడానికి మధ్యలో వెలికొండలు, రాతి నేల. చెన్నై సిగ్నల్ పులికాట్ మీదుగా ఉప్పునేల వెంట వస్తుంది, ఉప్పునేల దాన్ని అంతగా తినదు.

రాత్రి పట్టిక

పొద్దుగూకాక లెక్క మారుతుంది. పగలు పైకెళ్లిన తరంగాన్ని పీల్చేసే పొర రాత్రికి చెదిరిపోతుంది, దూరపు స్టేషన్లు ఆకాశం నుంచి తిరిగి కిందికి దిగుతాయి. విశాఖ 927, హైదరాబాద్ 738 అప్పుడే. దీనికో నష్టమూ ఉంది. పగలు నిలకడగా వచ్చిన విజయవాడ రాత్రి ఊగుతుంది. నేల వెంట వచ్చేదీ పైనుంచి వచ్చేదీ ఒకదాన్నొకటి కొట్టుకోవడం వల్ల అట్లా అవుతుంది. బ్యాటరీ అయిపోయిందనుకుని సెల్లు మార్చొద్దు.

738 ఇంకా చేతికి చిక్కలేదు. పక్కనే 720 బలంగా ఉంది. లూపు తిప్పి చెన్నైని చంపుదామంటే హైదరాబాద్ కూడా దాదాపు అదే గీత మీద, ఎదురు దిక్కున ఉంది. రెండూ కలిసే పోతాయి. ప్రస్తుతానికి రేడియోలో బ్యాండ్‌విడ్త్ (ఒకేసారి లోపలికి రానిచ్చే ఫ్రీక్వెన్సీల వెడల్పు) 2 కిలోహెర్ట్జ్‌కి తగ్గించి, 738కి బదులు 739 మీద పెడితే మాటలు అర్థమయ్యేంత వస్తోంది. పాటలకి పనికిరాదు.

పుస్తకం, కార్డు, ఫోను

రూళ్ల పుస్తకంలో గళ్లు: తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, ఏం విన్నాం, సిన్పో. సిన్పో అంటే సిగ్నల్ బలం, పక్క స్టేషన్ అడ్డు, రొద, ఊగిసలాట, మొత్తం మీద ఎట్లా ఉంది, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 5 అంటే ఏ ఇబ్బందీ లేదని. మధ్యాహ్నం లూపుతో చెన్నై 45354. లైట్లు వెలిగాక అదే 45243. మూడో, నాలుగో అంకెలు ఒక్కో మార్కు పడితే చివరిదీ పడుతోంది. సూది కుడిచేతికి ఉంటే అంకెలు చెప్పేసి అటెండెంటు చేత రాయించొచ్చు, సాయంత్రం చూడ్డానికొచ్చిన పిల్లలైతే ఎగబడి రాస్తారు.

విన్నదాన్ని పోస్టుకార్డు మీద ఆ స్టేషన్ డైరెక్టరుకి పంపొచ్చు. కార్యక్రమంలో రెండు మూడు వివరాలు, టైము, సిన్పో, రేడియో మోడల్, ‘30 సెం.మీ. లూపు, రెండో అంతస్తు’ అని రాయాలి. ‘బాగా వినపడింది’ అని ఊరికే రాస్తే ఇంజినీర్లకి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇంట్లోవాళ్లతో కలిసి వినాలంటే ఒక చిక్కుంది. వాళ్లు ఆకాశవాణివాళ్ల న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వింటే గాలిలో వచ్చేదానికన్నా వెనకబడి వస్తుంది. ఫోన్లో మాట్లాడుకుంటూ వింటే పాట ఏదో మంచం మీదివాళ్లు ముందే చెప్పేస్తారు, ఆట చెడుతుంది. ఇద్దరూ రేడియో పెట్టుకోవాలి, లేదా ఇద్దరూ యాప్. యాప్ అయితే 64 కేబీపీఎస్ ధారకి గంటకి దాదాపు 29 ఎంబీ పోతుంది.

తర్వాత చూడాల్సింది: గ్యాంగ్ గుబ్బ చిన్నది, ఒంటిచేత్తో తిప్పుతుంటే పెట్టె మొత్తం కదులుతోంది. మందు సీసా ప్లాస్టిక్ మూత అంటించి, పెట్టె అడుగున ఇసుక పొట్లం కట్టి చూడాలి.