పనాజీకి పిల్లలతో పోయేవాళ్ళకు

పిల్లల్ని పిలుచుకుని పనాజీకి పోతున్నామంటే కర్నూలులో మొదట వచ్చే ప్రశ్న, ‘కాసినోలకేనా?’ అని. మండోవి నదిలో లంగరేసిన ఆ ఓడల్లో జూదం బల్లల దగ్గరికి 21 ఏళ్ళు నిండనివాళ్ళను రానివ్వరు. పిల్లలకు వేరే గది ఉందని ఒడ్డున ఏజెంట్లు చెబుతారు. పిల్లల్ని గదిలో పెట్టి పెద్దోళ్ళు పేకాటకు పోయేదానికి గోవా దాకా ఎందుకు? ఆ హడావిడంతా నది పక్క రోడ్డుకే. రెండు వీధులు లోపలికి నడిస్తే ఫౌంటేన్‌హాస్‌లో రంగురంగుల పాత పెంకుటిళ్ళు, బేకరీలు, నిమ్మళంగా ఉండే ఊరు. అందుకే పిల్లలతో పోతే కలంగూట్ బీచ్ దగ్గర కన్నా పనాజీలోనే గది తీసుకోవడం మేలు.

సికింద్రాబాద్ నుంచి గోవాలోని వాస్కో పోయే రైలు బుధ, శుక్రవారాల్లో కర్నూలు సిటీ, డోన్, గుంతకల్లు మీదుగా పోతుంది. అనంతపురం, కడప వాళ్ళు గుంతకల్లుకొచ్చి ఎక్కొచ్చు. వాస్కోలో తిరుగు బండి గురు, శనివారాల్లో. బుధవారం ఎక్కి శనివారం తిరిగొస్తే చేతిలో ఉండేది గురు, శుక్రవారాలే. బోండ్లా జూకు గురువారం సెలవు కాబట్టి దాన్ని శుక్రవారానికి పెట్టుకోండి. శుక్రవారం పోయేవాళ్ళకు గురువారం దాకా తీరిక దొరుకుతుంది. దిగాల్సింది మడగావ్‌లో. అక్కడి బస్టాండు నుంచి పనాజీకి కదంబ (గోవా సర్కారు బస్సులు) షటిల్ బస్సులు మధ్యలో ఆగకుండా పోతాయి, టికెట్ ముందే కౌంటర్‌లో తీసుకోవాలి. ఓలా, ఊబర్ గోవాలో నడవవు. గోవామైల్స్ యాప్ ఉంది, లేదంటే టాక్సీ ఎక్కకముందే రేటు తెగ్గొట్టుకోవాలి.

మిగతావన్నీ ఒకెత్తు, చోరావ్ దీవిలోని సలీం అలీ పక్షుల అభయారణ్యం ఒకెత్తు. పనాజీ నుంచి ఓల్డ్ గోవా పోయే దారిలో రిబందర్ దగ్గర ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున దిగితే గేటు అక్కడే. లోపలంతా మడ అడవి. ఇక్కడ గడియారం కన్నా ఆటుపోట్లు ముఖ్యం. పోటు మీద కాలవల్లో నీళ్ళు నిండితేనే చిన్న పడవలు లోపలికి పోగలవు, ఆటు మీద బురదలో ఇరుక్కుంటాయి. ఒక పోటుకు ఇంకో పోటుకు మధ్య సుమారు పన్నెండున్నర గంటలు. రోజురోజుకూ పోటు 50 నిమిషాల దాకా ఆలస్యమవుతుంది. పోయే ముందు రోజు ఫోన్‌లో మర్మగోవా టైడ్ టైమింగ్స్ చూసుకుంటే చాలు. ఇది తెలియక ఆటు వేళకు పోయి, పడవ లేదనిపించుకుని తిరిగొచ్చేవాళ్ళే ఎక్కువ. అట్లా తిరిగి రావాల్సిన పని లేదు. నీళ్ళు తగ్గినప్పుడే బురద మీద అసలు సంత. ఇక్కడి ఒక రకం చేప నీళ్ళు వదిలి బయటికొచ్చి, ముందు రెక్కలు ఊనుకుని కుంటుతూ పోతుంది, బెదిరిస్తే గెంతుతుంది. మగ ఎండ్రకాయకు ఒక డెక్క ఒళ్ళంత పెద్దది, రెండోది పుల్లంత. ఆ పెద్దదాన్ని ఎత్తి ఊపుతుంటుంది. కాలిబాట మీద కదలకుండా రెండు నిమిషాలు నిలబడితేనే అవి బొరియల్లోంచి బయటికొస్తాయి, అడుగుల చప్పుడుకు మళ్ళీ మాయం. పొద్దున్నే పోతే పక్షులూ ఎక్కువ, ఉక్క కూడా తక్కువ. దోమల మందు పూసుకోవడం మరవకండి.

అక్కడి నుంచి ఓల్డ్ గోవా దగ్గరే. 1605లో పూర్తయిన బోమ్ జీసస్ చర్చికి భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలతో పోవాలి.

సాయంత్రం నది షికారుకు శాంటా మోనికా జెట్టీ. డీజే మోతతో తిరిగే ప్రైవేటు బోట్లు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి, ఏజెంట్లు చెయ్యి పట్టి లాగుతారు. గోవా టూరిజం వాళ్ళ కౌంటర్ ఎక్కడుందో అడిగి అక్కడే టికెట్ కొనండి. గంటసేపు తిప్పుతారు, పైన జానపద నృత్యాలు ఉంటాయి. అరగంట ముందే వరుసలో నిలబడితే అంచు కుర్చీలు దొరుకుతాయి, లేకుంటే ముందున్నోళ్ళ వీపులే కనిపిస్తాయి.

మీరామార్ బీచ్ ఇసకలో ఆడుకునేదానికే. మండోవి సముద్రంలో కలిసే చోటు కాబట్టి నీళ్ళ లాగుడు మాటలతో చెప్పేది కాదు. ఏ బీచ్‌లో అయినా ఎరుపు, పసుపు రెండు రంగులూ కలిసిన జెండాల మధ్యనే దిగాలి, ఒట్టి ఎర్ర జెండా ఉంటే దిగకూడదు. ఎండ ముదిరాక పక్కనే ఉన్న గోవా సైన్స్ సెంటర్‌లో దూరితే మధ్యాహ్నం గడిచిపోతుంది.

మన ఎండకు చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంది. అక్కడ ఒంటికే అంటుకుని ఉంటుంది, పిల్లలు దప్పిక కూడా చెప్పరు, చప్పగా వాలిపోతారు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, కోకం షర్బత్ దగ్గర పెట్టుకోండి. తిండికి పెద్ద ఇబ్బంది లేదు, ఉడుపి హోటళ్ళున్నాయి. బుడ్డల పొడి సీసా ఒకటి ఉంటే పిల్లలు మారాం చేయరు.

దూధ్‌సాగర్ జలపాతానికి కులెం నుంచి జీపులు వానాకాలంలో నడవవు. ఏప్రిల్, మే సెలవుల్లో పోతే నీటి ధార సన్నబడి ఉంటుంది. చిన్నపిల్లలుంటే జీపు కుదుపుల కన్నా తిరుగు రైలే నయం. పొద్దున వాస్కోలో బయల్దేరుతుంది కాబట్టి ఘాట్ ఎక్కేది పగటి వెలుగులోనే. కులెంలో వెనకవైపు అదనపు ఇంజన్లు తగిలిస్తారు, 37 అడుగులకు ఒక అడుగు ఎక్కే దారి మరి. బండి 310 మీటర్ల ఆ జలపాతం ముందు నుంచే పోతుంది. తలుపు దగ్గర పిల్లల్ని నిలబెట్టకండి, కిటికీలోంచి బాగానే కనిపిస్తుంది. మధ్యాహ్నానికి తిండి, నీళ్ళు మడగావ్‌లోనే కొనిపెట్టుకోండి. ఘాట్‌లో అమ్మేవాళ్ళు వస్తారని నమ్ముకుంటే పస్తే.