పన్నెండు బళ్ళ గెత్తం

మా వైపు పశువుల ఎరువుని గెత్తం అంటాం. పార్వతీపురం దగ్గర మా ఊళ్ళో ఇంటి వెనకాలే గెత్తం గొయ్యి ఉండేది. తొలకరికి ముందు నాన్న దాన్ని బండికెత్తి పొలానికి తోలేవారు. గెత్తం పడ్డ నేల ఎప్పుడూ మోసం చెయ్యదని అమ్మ నమ్మకం. ఇంగ్లండులో, ఈ రెడింగ్ ఊళ్ళో, నా చేతికి మళ్ళీ కాస్త నేల దొరికినప్పుడు నేనూ ముందుగా వెతికింది గెత్తం కోసమే.

ఇక్కడ కూరగాయలు పెంచుకోవడానికి కౌన్సిళ్ళు నేల అద్దెకిస్తాయి. అలాట్‌మెంట్ అంటారు. అడిగేవాళ్ళుంటే కౌన్సిలు స్థలం చూపించాలని 1908 నాటి చట్టం చెబుతోంది, కానీ క్యూ పెద్దది. నా వంతు రావడానికి రెండేళ్ళు పట్టింది. కొలతలు ఇప్పటికీ పాతకాలపు రాడ్లలోనే. నాది ఐదు రాడ్లు. అంటే సుమారు 125 చదరపు మీటర్లు, మన లెక్కలో మూడు సెంట్లు. తాళంచెవి తీసుకున్న రోజు ఆ మూడు సెంట్ల చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో!

మొదటి ఏడాదంతా కలుపుతోనే సరిపోయింది. బైండ్‌వీడ్ అనే తీగ ఉంటుంది, తెల్లటి వేళ్ళు. వేలెడు ముక్క మట్టిలో మిగిలినా మళ్ళీ లేస్తుంది.

రెండో ఏడు, 2023 వసంతంలో, దగ్గర్లోని గుర్రపుశాల వాళ్ళు గేటు దగ్గర ఉచితంగా ఎరువు కుప్ప పోశారు. నల్లగా, బాగా మాగి, చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలింది. చూడగానే ప్రాణం లేచొచ్చింది. తోపుడు బండితో పన్నెండు సార్లు తెచ్చుకుని టమాటా, బంగాళాదుంప, చిక్కుడు మళ్ళన్నిటిలో కలిపాను. ఫోన్లో చూపిస్తే అమ్మ కళ్ళింత చేసుకుని చూసింది. "మంచి గెత్తమేనమ్మా, ఇంకో రెండు బళ్ళు ఎయ్యి" అంది.

జూన్ వచ్చేసరికి టమాటా లేత ఆకులు విప్పారడం మానేశాయి. సన్నగా పీచులా సాగి, చివర్లు లోపలికి చుట్టుకుపోయాయి. చిక్కుడాకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. ఆకుముడత తెగులనుకుని వేపనూనె కొట్టాను. తెగులు సోకితే ఒక చెట్టుకి ముందు, ఇంకో చెట్టుకి తర్వాత కనిపిస్తుంది కదా. ఇక్కడ ఎరువు పడ్డ మళ్ళన్నీ ఒకేసారి ముడుచుకున్నాయి. ఎరువు వెయ్యని మూల మడిలో మిగిలిపోయిన రెండు టమాటా మొక్కలు మాత్రం నవనవలాడుతున్నాయి. పక్క ప్లాటు పెద్దాయన వచ్చి ఆకు వైపు చూసి, ఒక్కటే అడిగారు: "ఎరువు ఎక్కడిది?"

అమినోపైరాలిడ్ అని ఒక కలుపుమందు ఉంది. గడ్డికి ఏమీ కాకుండా వెడల్పాకు కలుపుని చంపుతుంది కాబట్టి పచ్చిక బయళ్ళలో కొడతారు. ఆ గడ్డి కోసి ఎండబెట్టి గుర్రాలకి వేస్తే మందు గుర్రం పొట్టలోంచి కూడా చెడకుండా బయటికొస్తుంది. కుప్పలో మాగినా అంత తేలిగ్గా పోదు, గడ్డి పీచుని పట్టుకుని ఉండిపోతుంది. మట్టిలో ఆ పీచు కుళ్ళేకొద్దీ కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. టమాటా, బంగాళాదుంప, చిక్కుడు జాతులు దానికి అస్సలు తట్టుకోలేవు. 2008లో ఈ దేశంలో ఎన్నో అలాట్‌మెంట్లు ఇలాగే పాడైతే కొంతకాలం ఆ మందు అనుమతి ఆపేశారు, తర్వాత కొత్త షరతులతో మళ్ళీ వచ్చింది. కుప్ప పోసినవాళ్ళకీ ఇదేమీ తెలీదు. వాళ్ళు గడ్డి ఎక్కడో కొన్నారు.

పద్నాలుగు టమాటా మొక్కలు పీకేశాను. మార్చిలో కిటికీ గట్టు మీద విత్తనం నుంచి పెంచినవి. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చెయ్యలేకపోయాను. తర్వాత చెబితే చాలాసేపు మాట్లాడలేదు. "గెత్తంలో మందేటమ్మా?" అని మాత్రం అంది. దొడ్లో ఆవు, ఇంటి గడ్డి, ఇంటి గెత్తం మాత్రమే తెలిసిన మనిషికి అది అర్థం చేయించడం నాకు చాలా కష్టమైంది.

ఆ మందుని కుళ్ళబెట్టేది మట్టిలోని సూక్ష్మజీవులే. అందుకే నెలకోసారి మళ్ళు తిరగతవ్వి గాలి ఆడనిచ్చాను. 2024లో అక్కడ మొక్కజొన్న వేశాను. అదీ గడ్డి జాతే కాబట్టి ఏమీ కాలేదు, పొత్తులు బాగా వచ్చాయి. గోంగూరకి ఇక్కడి చలి పడదు, దాన్ని పాలిథిన్ గుడారం కింద బకెట్లలో పెంచాను. కొన్న మట్టి కావడంతో బతికింది. ఆ ఏడు మూడుసార్లు పచ్చడి చేసుకున్నాం.

ఇప్పుడు ఏ ఎరువు తెచ్చినా ముందు పరీక్ష పెడతాను. మూడు కుండీల్లో ఎరువు కలిపిన మట్టి, మూడింటిలో ఉత్త మట్టి, అన్నిటిలో బ్రాడ్ బీన్స్ అనే చిక్కుడు జాతి గింజలు. ఒక కుండీ నీళ్ళు ఇంకోదాంట్లోకి పోకుండా విడివిడి పళ్ళేల్లో పెట్టాలి. మూడు, నాలుగు ఆకులు వచ్చేదాకా ఆగాలి. మొదటి ఆకుల్ని చూసి ధైర్యపడితే లాభం లేదు.

మొన్న ఇంకో చోటి నుంచి ఒక బస్తా ఎరువు తెచ్చాను. కుండీలు వంటింటి కిటికీలో ఉన్నాయి, ఇవాళ్టికి పద్దెనిమిదో రోజు. రెండో ఆకు ఆరింటిలోనూ బల్లపరుపుగా విచ్చుకుంది. మూడోది ఇంకా మొగ్గలోనే ఉంది. ఆదివారం అమ్మ ఫోన్ చేసి ముందు కుండీలే చూపించమంటుంది.