మోకాలి మార్పిడి తర్వాత స్పర్శ తెలియని చర్మం

మా అమ్మకు కుడి మోకాలి మార్పిడి జరిగి ఇంటికి వచ్చాక నొప్పిని ఓపికగానే భరించింది గాని, కుట్లకు బయటి వైపున అరచేతి మేర చర్మానికి స్పర్శ తెలియకపోవడం ఆమెను బాగా భయపెట్టింది. ఆపరేషన్‌కు ముందు ఖర్చు గురించీ, ఇంప్లాంట్ రకాల గురించీ అంత వివరంగా చెప్పినవారు ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే, కాలు చచ్చుబడిపోతోందేమోనని ఆమె అన్ని రాత్రులు బెంగపెట్టుకునేది కాదు.

నిజానికి ఇది అరుదైన విషయం కాదు. సఫీనస్ నరం నుంచి చీలిన సన్నని శాఖ ఒకటి మోకాలి లోపలి వైపు నుంచి చిప్ప కిందుగా అడ్డంగా సాగి, ముందు భాగపు చర్మానికి స్పర్శనిస్తుంది. కీలును చేరడానికి మోకాలి మధ్యగా నిలువు కోత పెడతారు కనుక, ఆ శాఖ లేదా దాని కొసలు తెగడం చాలావరకు తప్పదు. అది కేవలం చర్మపు నరం. కండరాలను కదిలించే పని దానికి లేదు కాబట్టి దానివల్ల కాలి బలం తగ్గదు. నెలలు గడిచేకొద్దీ మొద్దుబారిన మేర తగ్గుతూ వస్తుంది, అయితే కొందరిలో కొంత భాగం అలాగే మిగిలిపోతుంది. నరాలు కోలుకుంటే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగుతాయి కనుక ఇక్కడ తొందర పనికిరాదు.

నరం ఇలా కోలుకునే కాలంలోనే చురుక్కుమనడం, కరెంటు షాక్ కొట్టినట్టు ఉండడం, దుప్పటి తగిలినా మంట పుట్టడం కనిపిస్తాయి. ఇటువంటి నరాల నొప్పికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు. వైద్యులు ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ వంటివి రాస్తారు; వాటివల్ల మగతా, తల తిరగడమూ ఉంటాయి కాబట్టి రాత్రి బాత్రూమ్‌కు లేచే పెద్దవారికి తోడు ఉండి తీరాలి. గాయం పూర్తిగా మానాక, ఫిజియోథెరపిస్ట్ సూచన మీద, అమ్మ మొదట దూదితోనూ తర్వాత మెత్తని నూలు బట్టతోనూ ఆ చోట నెమ్మదిగా రుద్దుకునేది. దానితో బట్ట తగిలితే కలిగే చిరాకు బాగా తగ్గింది.

నొప్పి అనగానే కాపడం పెట్టడం మన ఇళ్లలో అలవాటు. స్పర్శ లేని చర్మానికి వేడి తెలియదు, బొబ్బ లేచాక గాని సంగతి బయటపడదు. ఐస్ కూడా నేరుగా పెట్టకూడదు. బట్టలో చుట్టి, మధ్యమధ్య చర్మాన్ని కళ్లతో చూసుకుంటూ ఉండాలి. షుగర్ ఉన్నవారి విషయంలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

అయితే అన్ని తిమ్మిర్లనూ ఒకే గాటన కట్టకూడదు. మోకాలి బయటి వైపున, ఫిబులా అనే పిక్క పక్కనుండే సన్నని ఎముక మెడను చుట్టి వెళ్లే పెరోనియల్ నరం దెబ్బతింటే పాదం పైభాగం మొద్దుబారుతుంది, పాదం పైకి లేవక నడిచేటప్పుడు వేళ్లు నేలకు రాసుకుంటాయి. ఇది అరుదే, మోకాళ్లు లోపలికి బాగా వంగిన కాళ్లను సరిచేసినప్పుడు దీని ముప్పు ఎక్కువ. మత్తు ప్రభావం తగ్గాల్సిన సమయం దాటినా పాదం లేవకపోతే ఆ క్షణమే డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే బిగుతైన కట్టు కారణమైతే దాన్ని వెంటనే వదులు చేయవచ్చు. పిక్క వాచి నొప్పి పుడితే అది రక్తం గడ్డకట్టడం కావచ్చు కనుక అప్పుడూ ఆలస్యం తగదు.

షుగర్ వల్లనో, నడుములో నరం నొక్కుకుపోవడం వల్లనో పాదాలకు ముందునుంచే తిమ్మిరి ఉన్నవారు ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పి, కేసు షీట్‌లో రాయించాలి. అలా రాసి ఉంటేనే తర్వాత కనిపించే తిమ్మిరి పాతదో కొత్తదో తేల్చడం వీలవుతుంది.